తినే కాగితం బతికింది... అలికే కాగితమో?

పాత పేపర్లు, గుప్పెడు మెంతులు, ఓ రోలు. గోదావరి ఇళ్లలో ఒకప్పుడు ఈ మూడూ కలిస్తే బుట్ట తయారయ్యేది. అదే నేలమీద, ఆడవాళ్ల చేతుల్లోనే పుట్టిన మరో 'కాగితం' ఇప్పుడు దేశదేశాలకూ పార్సిళ్లలో వెళుతోంది. మరి మొదటిదెందుకు అటకెక్కింది?

వేసవి సెలవులొచ్చాయంటే ఇంట్లో మొదట తెమిలేది పుస్తకాల సంచే. పరీక్షలైపోయిన పిల్లల నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన తెల్ల కాగితాలన్నీ జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, వచ్చే ఏడాదికి రఫ్ పుస్తకం చేసేవారు. రాసేసిన కాగితాలు, అటకమీది పాత దినపత్రికలు రెండు కుప్పలయ్యేవి. ఒక కుప్ప తూకానికి. ఆ డబ్బుల్లో పిల్లలకి ఐస్‌ఫ్రూట్ వాటా ఎలాగూ ఉండేది. రెండో కుప్ప మాత్రం అమ్మేది కాదు. పెరట్లో గాబు పక్కన ఓ పాత బకెట్టులోకి చేరేది.

చింపడం పిల్లల పని. ఎంత చిన్న ముక్కలైతే అంత మంచిది. ఏడాది పొడుగునా పుస్తకం చింపితే వీపు విమానం మోతెక్కించే ఇంట్లోనే, ఆ ఒక్కరోజు ఎంత చింపితే అంత మెచ్చుకోలు! లెక్కల పుస్తకం మీద కసి ఉన్నవాళ్లు దాన్నే ముందు అందుకునేవాళ్లు. ఆ ముక్కలు రెండు మూడు రోజులు నీళ్లలో నానేవి. సిరా కారి నల్లబడిన నీళ్లు రోజూ పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసేవారు. ఈలోగా ఓ రాత్రి గుప్పెడు మెంతులు నానేసేవారు. మర్నాడు పొద్దున్నే వంటింటి పనులు తెమిలాక అమ్మమ్మో నాయనమ్మో రోటి ముందు కూర్చుంటే... అక్కణ్నుంచి మొదలయ్యేది అసలు పని.

ఆ పనిని ఎవరూ కళ అనలేదు. దానికో పేరూ పెట్టలేదు. 'గుజ్జు బుట్ట' అన్నారు, 'కాయితం తట్ట' అన్నారు. అంతే.

రోట్లో రుబ్బితే...

నానిన కాగితాన్ని గట్టిగా పిండి, మెంతులతో కలిపి రుబ్బితే మెత్తటి గుజ్జవుతుంది. వేళ్ల మధ్య నలిపితే కాగితం ముక్క తగలకూడదు. చేత్తో పట్టుకుంటే చపాతీ ముద్దలా నిలబడాలి, జారకూడదు. కొందరు ఇందులో పసుపు కలిపేవారు. పురుగు పట్టదనీ, రంగు బావుంటుందనీ. మెంతులు తక్కువైన చోట చింతపిక్కల్ని ఉడికించి, రుబ్బి ఆ జిగురు వాడేవారు.

అచ్చు కోసం ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న స్టీలు బేసినో, ఇత్తడి గిన్నో, బిందె అడుగు భాగమో చాలు. దాన్ని బోర్లించి, పైన తడిబట్ట కప్పి, గుజ్జును చిన్న చిన్న ముద్దలుగా అద్దుకుంటూ పోవాలి. ఒక ముద్ద అంచు ఇంకో ముద్దలో కలిసిపోయేలా తడిచేత్తో నిమరాలి. అన్ని వైపులా ఒకే మందం ఉండాలి. ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉంటే ఆరేటప్పుడు అక్కడే పగులుతుంది. మొదటి రోజు నీడలో ఆరాలి. నేరుగా మేనెల ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి మిగిలి, వంకర తిరుగుతుంది. మర్నాటి నుంచి ఎండ. మూడు నాలుగు రోజులకి గిన్నె నుంచి విడదీస్తే బట్టతో సహా ఊడి వచ్చేస్తుంది. తడితే టకటకమని అట్టపెట్టె చప్పుడు చేస్తుంది.

ఆ తర్వాత ముస్తాబు. అంచులు సమంగా కోసి, పైన తెల్ల కాగితం ఒక పొర అంటించి, దానిమీద రంగు కాగితాలు, పత్రికల్లోంచి కత్తిరించిన పువ్వుల బొమ్మలు, సినిమా తారలు, దేవుళ్లు... ఎవరి అభిరుచి వాళ్లది. అడుగుభాగాన మాత్రం చాలామంది ఏమీ అంటించేవారు కాదు. సరిగ్గా నలగని ముక్క ఏదైనా అక్కడ బయటపడేది. కిందటేడు తప్పు చేసిన కూడికో, ఎర్ర సిరాతో వేసిన సున్నాయో బుట్ట తిరగేసినప్పుడల్లా కనిపించి వెక్కిరించేది!

బుట్టకన్నా ముందు ఈ గుజ్జు అక్కరకొచ్చింది చేటలకు. వెదురు చేట ఏడాది తిరిగేసరికి బద్దలు వదులై సందులు పడుతుంది. నూకలు జారిపోతాయి. అలాంటి చేటను పారెయ్యకుండా రెండు వైపులా పల్చగా గుజ్జు అలికి ఆరబెడితే మరికొన్నేళ్లు పనికొస్తుంది. వెదురు లోపలి ఎముక, కాగితం పైన చర్మం. ఇంటి గోడకు మట్టి మెత్తినట్టే. అందుకే మన ఇళ్లలో 'చేట అలకడం' అన్నారు కానీ, 'చేట తయారీ' అనలేదు. అలికిన చేటల్లో, బుట్టల్లో ఎండుమిరపకాయలు, చింతపండు, పసుపు కొమ్ములు, వడియాలు ఉండేవి. బరువు ఉండదు, తుప్పు పట్టదు, కిందపడితే పగలదు. నీళ్లు ఒక్కటే దాని శత్రువు.

మెంతులే ఎందుకు?

ఈ పద్ధతిని కనిపెట్టిన వాళ్లెవరో తెలియదు కానీ, వాళ్లకి రసాయన శాస్త్రం చేత్తో తెలుసు. కాగితమంటే మొక్కల్లోని సెల్యులోజ్ పీచు. సన్నటి ఆ పోగులు నీళ్లలో విడివడి తేలుతుంటాయి. నీళ్లు ఆరిపోతున్నకొద్దీ ఒకదానికొకటి దగ్గరై అతుక్కుంటాయి. జిగురు లేకపోయినా పట్టుకుంటాయి. మామూలు కాగితం షీటుగా నిలబడేది ఈ పట్టుతోనే. రోట్లో రుబ్బినప్పుడు పీచు కొసలు విచ్చుకుని, పట్టు ఇంకా పెరుగుతుంది. కాగితం మిల్లులో పెద్ద పెద్ద యంత్రాలు చేసేదీ అదే పని.

ఇక మెంతులు. నానిన మెంతులు వేళ్లకి జారుతూ తగులుతాయి కదా... ఆ జిగట అంతా గింజలోని ఒక రకం బంక. నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక గట్టిపడుతుంది. పీచు పోగుల మధ్య సందుల్ని అది పూడుస్తుంది. పైగా ఆ చేదు వాసనకు పురుగులు దగ్గరికి రావని పెద్దల నమ్మకం. మైదాతో ఉడికించిన జిగురుకి ఈ సుఖం లేదు. మైదా అంటే బొద్దింకకీ, కాగితపు పురుగుకీ విందు భోజనం. అందుకే పుస్తకాల బైండింగు చేసేవాళ్లు ఆ జిగురులో కొద్దిగా మైలుతుత్తం కలిపేవారు. అది విషం. తినుబండారాలు పెట్టే బుట్టలకి పనికిరాదు. వంటింటి వాళ్లు మెంతుల్ని ఎంచుకోవడంలో ఉన్న తెలివి అక్కడుంది.

ఏ కాగితమైనా ఒకటే కాదు. దినపత్రిక కాగితం తొందరగా నాని, తేలిగ్గా గుజ్జవుతుంది. కలపను యంత్రాలతో నూరి చేసే కాగితం అది. అందులో లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది. పేపర్ని వారం రోజులు ఎండలో వదిలేస్తే పచ్చబడేది దానివల్లే. నోటుపుస్తకాల కాగితం తయారీలో ఆ లిగ్నిన్‌ను రసాయనాలతో ఉడికించి తీసేస్తారు. పీచు పొడుగ్గా, బలంగా మిగులుతుంది. అందుకే రెండూ కలిపి రుబ్బిన గుజ్జుతో చేసిన బుట్ట ఎక్కువ కాలం మన్నుతుంది. ఒక పీచును ఎన్నిసార్లయినా తిరిగి వాడుకోవచ్చనుకుంటే పొరపాటే. తిరగతిప్పిన ప్రతిసారీ అది పొట్టిదవుతుంది. అయిదు నుంచి ఏడుసార్లు దాటితే కాగితంగా నిలబడే శక్తి ఉండదు.

గోదావరి ఒడ్డునే మిల్లు

కాగితం గురించి రాజమహేంద్రవరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1920ల్లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో ఇక్కడ మొదలైన మిల్లు ఎన్నో చేతులు మారింది. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అయింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ సంస్థ కొంది. దాన్నుంచి వెస్ట్‌కోస్ట్ పేపర్ మిల్స్ చేతికొచ్చాక, 2020లో పేరు 'ఆంధ్రా పేపర్' అయింది. కడియంలోనూ ఒక యూనిట్ ఉంది. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల వెదురే దీనికి ప్రధాన ఆహారం. తర్వాత్తర్వాత రైతులు మెట్ట భూముల్లో పెంచే సరుగుడు, సుబాబుల్ ఆ చోటు తీసుకున్నాయి. అంటే తూర్పు గోదావరి పిల్లాడు చింపిన నోటుపుస్తకం కాగితం ఏజెన్సీ కొండమీది వెదురు పొదలోంచో, పక్క మండలంలోని సరుగుడు తోటలోంచో వచ్చి ఉండొచ్చు. అదే కాగితం మళ్లీ వెదురు చేటమీద గుజ్జయి కూర్చుంటే... వెదురు వెదురింటికే చేరినట్టు!

మిల్లు ఉన్న ఊరు కాబట్టి కాగితం కళ ఇక్కడ పుట్టిందనుకోనక్కర్లేదు. గుజ్జు అలికే అలవాటు ఒక్క గోదావరి జిల్లాలదే కాదు. తెలుగు నేలమీద మిగతా చోట్లా ఉంది, తమిళనాట కూడా ఉంది. కాకపోతే డెల్టాలో దాని పక్కనే మరో కాగితం పుట్టింది. ఆ రెండింటి జాతకాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది.

కుండమీద కాగితం

ఆత్రేయపురం పేరు వింటే నోరూరని వాళ్లుండరు. పూతరేకుని మొదటిసారి చూసిన పై రాష్ట్రం వాళ్లు అది కాగితమనే అనుకుంటారు. పైపొర తీసి లోపలిది తిందామని చూసినవాళ్లూ ఉంటారు. వాళ్లని చూసి నవ్వక్కర్లేదు. చేసే పద్ధతి చూస్తే అది నిజంగానే కాగితం తయారీ.

బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలకన్నా పల్చగా జారుగా చేస్తారు. రేకులు తీయడానికి వాడే కుండ వేరు. బోర్లించినట్టుండే దాని వీపు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పక్కనుంచి లోపలికి ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి గుడ్డను జారులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాలిన కుండ వీపుమీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ అటు వెళ్లిందో లేదో, ఇటు తెల్లటి పొర తయారు. చిటికెలో అంచు లేస్తుంది. దాన్ని చిరగకుండా తీయాలి. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. గుడ్డ లాగే వేగం మారితే మందం మారుతుంది. పూత, రేకు... పేరులోనే తయారీ అంతా ఉంది. కాగితం మిల్లులో జల్లెడ మీద పీచు నీళ్లు పల్చటి పొరగా పరుచుకుని ఆరతాయి. ఇక్కడ కుండమీద పిండి నీళ్లు. అక్కడ పీచు, ఇక్కడ గంజి. అంతే తేడా. ఆ రేకులమీద నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెడితే పూతరేకు.

దీన్ని కూడా మొదట్లో ఇళ్లలోనే చేసుకునేవారు. పండక్కో, అల్లుడొస్తేనో. తర్వాత అమ్మకం మొదలైంది. రేకులు తీసేవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు అయ్యారు. ఆత్రేయపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో ఆడవాళ్లకి అదే బతుకుతెరువైంది. జీడిపప్పు, బాదం, చాక్లెట్ కూడా లోపలికి చేరాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పక్క జిల్లాలోని నరసాపురం లేసు కథా ఇంతే. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న కుట్టుపని ఇంటి అరుగుమీంచి ఎగుమతి దాకా వెళ్లింది. 2024లో దానికీ గుర్తింపు వచ్చింది. లేసు అల్లే చేతులకు దక్కిన కూలి ఎప్పుడూ అంతంతమాత్రమేనన్నది వేరే సంగతి. అయినా పని నిలిచింది.

గుజ్జు బుట్టకి అలాంటి గుర్తింపు లేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మలేదు. పాత కాగితంతో చేసింది కదా, ఎవరు కొంటారులే అనుకున్నారు. ఇచ్చిపుచ్చుకున్నారు. ఆడపిల్ల అత్తారింటికి వెళుతుంటే సారెతో పాటు ఓ రెండు బుట్టలు పెట్టారు. ధర లేదు కాబట్టి విలువ లేదనుకున్నారు. పది రూపాయలకి ప్లాస్టిక్ బుట్ట, ఆ తర్వాత ప్లాస్టిక్ చేట సంతలోకి వచ్చేసరికి వారం రోజులు నానబెట్టి, రుబ్బి, ఆరబెట్టే ఓపిక ఎవరికుంటుంది? రోలు పోయి మిక్సీ వచ్చింది. ఒకసారి కాగితం రుబ్బిన మిక్సీలో మళ్లీ చట్నీ చేసుకోవాలంటే ఎవరికైనా మనసొప్పదు. పూతరేకు నేర్చుకోవడానికి కూతురికి కారణం ఉంది. గుజ్జు బుట్ట నేర్చుకోవడానికి లేదు. అమ్మిన కాగితం నిలబడింది, అమ్మని కాగితం అటకెక్కింది. 'కళను అమ్ముకోకూడదు' అని పెద్ద మాటలు చెప్పేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

కశ్మీరులో ఇదే గుజ్జు

కాగితం గుజ్జుకు మార్కెట్టే లేదా అంటే, కశ్మీరు వైపు చూడాలి. అక్కడి పేపర్ మాషీ పెట్టెలు, గంటలు, పూలకుండీలు ప్రపంచమంతా తెలుసు. చేసే పద్ధతి మన అమ్మమ్మలకి చెబితే 'ఇంతేనా' అంటారు. పాత కాగితం రోజుల తరబడి నానబెడతారు. దంచుతారు. బియ్యపు గంజి జిగురు కలుపుతారు. అచ్చుమీద అద్ది ఆరబెడతారు. దీన్ని సఖ్తసాజీ అంటారు. ఆ తర్వాత నున్నగా రుద్ది రంగులతో పూలూ, పిట్టలూ చిత్రిస్తారు. అది నక్కాషీ. చేసేవాళ్లు వేరు, చిత్రించేవాళ్లు వేరు. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనులాబిదీన్ కాలంలో మధ్య ఆసియా, పర్షియా నుంచి వచ్చిన పనివాళ్లు దీన్ని నేర్పారని చెబుతారు. కలాలు పెట్టుకునే పెట్టెలు చేయడంతో మొదలైంది కాబట్టి కలమ్‌దానీ పని అనేవారు.

అంటే, అక్కడ గుజ్జు దర్బారులో పుట్టింది. ఇక్కడ పెరట్లో పుట్టింది. రాతకోతలున్న వాళ్ల బల్లమీద కూర్చున్నది కళాఖండమైంది. మిరపకాయలు మోసింది 'కాయితం తట్ట'గానే మిగిలింది. రెండింటి పీచూ ఒకటే.

ఒక్కరోజు వైభోగం

అమ్మకం లేకపోయినా బతికిన కాగితం పని డెల్టాలో ఒకటుంది. దాని వెనక ఊరి పరువుంది మరి!

కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోట చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి ఆ కొబ్బరితోటలో గుడి లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు ఆ రోజు ప్రభల మీద అక్కడికి వచ్చి కలుస్తారు. వెదురు బొంగులతో అర్ధచంద్రాకారంలో ప్రభ కడతారు. దానికి రంగురంగుల బట్టలు, రంగు కాగితాలు, జిగినీ, నెమలి పింఛాలు, పూలదండలు, కొత్త వరికంకులు. మనుషులే భుజాలమీద మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వరిచేలల్లోంచి, కౌశిక నీళ్లలోంచి దాటి వచ్చే దృశ్యం కోసం జనం గట్టుమీద బారులు తీరతారు. చేను తొక్కారని రైతు బాధపడడు, స్వామి నడిచాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన దిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

కాగితం అక్కడ చేసే పని ఏమిటంటే... బరువు పెంచకుండా రంగు నింపడం. అంత ఎత్తు ప్రభను మనుషులు మొయ్యాలంటే ప్రతి ముక్కా తేలిగ్గా ఉండాలి. గాలికి రెపరెపలాడాలి, ఎండకి మెరవాలి. కాగితాన్ని మించింది ఏముంది? నీళ్లు తగిలితే పోతుంది, నిజమే. పోనివ్వండి. ఒక్కరోజు పండగ అది. మళ్లీ ఏడాది కొత్తగా కట్టుకుంటారు. ఏటా కొత్తగా కట్టాలి కాబట్టే, కట్టడం వచ్చినవాళ్లు ఏటా తయారవుతున్నారు. చెక్కతోనో ఇనుముతోనో ఒకసారి శాశ్వతంగా చేసేసి ఉంటే ఈపాటికి ఆ పని మర్చిపోయి ఉండేవాళ్లు.

శ్రీరామనవమి పందిళ్లదీ అదే దారి. పురికొస కట్టి, మూడుకోణాల రంగు కాగితాలు వరసగా అంటించే పని ఊళ్లో కుర్రాళ్లందరికీ వచ్చేది. ఆగస్టు పదిహేనుకి బళ్లో అదే పని. జిగురు అయిపోతే అన్నం మెతుకులు. ఇప్పుడు షాపుల్లో రీలు చుట్టలుగా ప్లాస్టిక్ తోరణాలు దొరుకుతున్నాయి. వాన తగిలినా పోవు. పండగైపోయిన ఆరు నెలలకీ కరెంటు స్తంభాలకి వేలాడుతూనే ఉంటాయి!

వందేళ్లు నిలిచిన కాగితం

కాగితం కాబట్టి పోతుందిలే అనడం కూడా సరికాదు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళితే తెలుస్తుంది. 1897లో ఆ ఊళ్లోనే పుట్టిన రామారావుని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి వచ్చి, సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి, తెలుగువాళ్ల జీవితాన్ని నీటిరంగుల్లో గీశాడు. 1925లో మశూచి సోకి పోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మిగిలింది బొమ్మలే. వాటిలో ఎక్కువ భాగం నీటిరంగులూ, పెన్సిల్ చిత్రాలూ. అంటే కాగితమే.

నీటిరంగుల్లో కాగితం వెనకాల ఉండే అట్ట కాదు, అది కూడా ఒక రంగే. చీర అంచుమీద మెరుపు, నీళ్లమీద వెన్నెల... అక్కడ వేసిన తెల్లరంగు ఉండకపోవచ్చు. చిత్రకారుడు ముట్టుకోకుండా వదిలేసిన కాగితం తెలుపది. ఆ కాగితం పచ్చబడితే వెన్నెలే మాసిపోతుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఎండ, తేమ, పురుగు... మూడింటినీ కాయాలి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివాళ్లు అపురూపంగా చూసుకున్నారు కాబట్టే ఆ కాగితాలు వందేళ్లు దాటి నిలిచాయి. కాపాడేవాళ్లుంటే కాగితం రాయిలాగే నిలుస్తుంది.

మళ్లీ నానబెడుతున్నారు

జపాన్‌లో పిల్లలాటగా ఉన్న కాగితం మడతల్ని అకిరా యోషిజావా (1911-2005) కళగా నిలబెట్టాడు. కాగితాన్ని కొద్దిగా తడిపి మడిచే పద్ధతి ఆయన తెచ్చిందే. దాంతో బొమ్మలకి గుండ్రటి ఒంపులొచ్చాయి. అదే దేశానికి చెందిన కోర్యో మియురా అనే శాస్త్రవేత్త కనిపెట్టిన మడతతో 1995లో ఓ అంతరిక్ష నౌకకు సౌరఫలకాన్ని ముడిచి పంపారు. మన పిల్లలకీ మడతలు కొత్తకాదు. చూరు నీళ్లలో వదిలే పడవ, దానికి అన్నలాంటి కత్తి పడవ, పంతులుగారు వెనక్కి తిరగ్గానే ఎగిరే విమానం... ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. గుజ్జు పని అలా రాదు. ఒకరు చెయ్యాలి, ఒకరు పక్కన కూర్చుని చూడాలి. చూసే పిల్ల లేకపోతే అది అక్కడితో ఆగిపోతుంది.

ఆశ పెట్టుకోదగ్గది వినాయక చవితి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలతో చెరువులు పాడవుతున్నాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో నిమజ్జనం మార్గదర్శకాలను కఠినం చేసింది. మట్టి వినాయకుడితో పాటు కాగితం గుజ్జు వినాయకుడూ మండపాల్లోకి వచ్చాడు. మట్టికన్నా తేలిక, పగిలే భయం తక్కువ, నీళ్లలో కలిస్తే పీచు నానిపోతుంది. రసాయనాల రంగులు పులిమితే మాత్రం ఆ పుణ్యమంతా పోయినట్టే. బళ్లలో పిల్లల చేత ఈ బొమ్మలు చేయిస్తున్నప్పుడు, గుజ్జు ఎలా చెయ్యాలన్న ప్రశ్న మళ్లీ నాయనమ్మల దాకా వస్తోంది. ఫోన్లో వీడియోలు చూసి మెంతుల కొలత తెలుసుకునే కోడళ్లూ లేకపోలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాయనమ్మల మాట కొంచెం సవరించుకోవాలి. అచ్చు సిరాలో ఉండే పదార్థాలు ఆహారంలో కలిస్తే ప్రమాదమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో, మళ్లీ 2023లో హెచ్చరించింది. దినపత్రికలతో చేసిన బుట్టలో పిండి, వడియాలు, వేడివేడి పూరీలు నేరుగా పెట్టకూడదు. ఉల్లిపాయలు, వెల్లుల్లి, కొబ్బరికాయలు, పూలు, కుట్టుసామాను, టీవీ రిమోట్లకి నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకి లెక్క ఇది. మధ్యరకం బుట్టకి ఓ పదిహేను ఇరవై దినపత్రిక కాగితాలు, వాటికి తోడు నాలుగైదు నోటుపుస్తకం కాగితాలు, గుప్పెడు మెంతులు. నున్నటి, మెరిసే పత్రికల కాగితం వద్దు. దానిమీద సుద్ద పూత ఉంటుంది, గుజ్జు పట్టు రాదు. రోలు లేకపోతే చేత్తోనే బాగా నలిపి, మెంతుల్ని మాత్రం మిక్సీలో వేసుకోవాలి. వానాకాలంలో మొదలుపెడితే బుట్ట ఆరేలోగా బూజు పడుతుంది, సంక్రాంతి తర్వాతి ఎండలు మేలు. కాగితాలు ఈ ఆదివారం చింపి నానేస్తే బుధవారానికి అందుకుంటాయి. మెంతులు మంగళవారం రాత్రే నానబెట్టుకోవాలి.